ఆ నంబరు, ఈ నంబరు

టీ ఎందుకు తెచ్చినట్టు? తను అడగలేదు. గొంతెండిపోతోందని అనలేదు, తల పగిలిపోతోందనీ అనలేదు. మరిది తనంతట తానే లేచి వెళ్లి, చెరో చేత్తో ఒక కాగితం కప్పు పట్టుకుని, భుజంతో తలుపు నెట్టుకుంటూ వచ్చి, "వేడిగా ఉంది, చూసుకో వదినా" అని ఒకటి ఆమె పక్కన బెంచీ మీద పెట్టి, తనది నిలబడే ఒక్క గుక్కలో తాగేసి, జెరాక్సులు తీయించుకొస్తానని మళ్లీ వెళ్లిపోయాడు. అంత వేడి టీ ఒక్క గుక్కలో ఎవడు తాగుతాడు? తొందర ఉన్నవాడు తాగుతాడు. లేదా ఎదుటి మనిషి మొహం చూడలేనివాడు తాగుతాడు. అతి వినయం ధూర్త లక్షణం అని పెద్దలు ఊరికే అన్నారా. పొద్దున బయల్దేరేటప్పుడూ ఇంతే, గుమ్మం ముందు బండి స్టార్టు చేసి పెట్టి, "ఆలస్యమైతే టోకెను పోతుంది వదినా, రా రా" అని ఒకటే హడావిడి. ఆ హడావిడిలో కళ్లజోడు కుట్టుమిషను మీదే ఉండిపోయింది. సగం దారిలో గుర్తొచ్చి, "కళ్లజోడు మర్చిపోయాను చిన్నా" అంటే, "పర్లేదులే, చదవడానికి ఏముంది, సంతకమేగా" అన్నాడు. చదవడానికి ఏముందట! కళ్లజోడు లేకపోతే సూదిలో దారం ఎక్కించలేని మనిషి చేత భూమి కాగితం మీద సంతకం పెట్టించడానికి తీసుకొస్తూ, సంతకమేగా! గొంతు కోసేవాడు కూడా కత్తేగా అనే అంటాడు. ఆమె టీ కప్పు వైపు చూసింది, పైన మీగడ కడుతోంది, తాగలేదు.

రిజిస్ట్రేషను ఆఫీసు హాల్లో బెంచీలన్నీ నిండి ఉన్నాయి. ఫ్యాను తిరుగుతోంది కానీ గాలి మాత్రం అధికారి గదివైపే పోతున్నట్టుంది, ఇక్కడ ఒక్క కాగితం కూడా కదలడం లేదు. ఎదుటి బెంచీ మీద ఒక ముసలాయన, చెరో పక్క ఇద్దరు కొడుకులు ఆనుకుని కూర్చున్నారు, ఆయన జారిపోకుండానో పారిపోకుండానో. వాళ్ల పక్కన కొత్తగా పెళ్లయిన జంటలా ఉన్నారు, అతను ఫోను చూసుకుంటున్నాడు, ఆమె అతని ఫోను చూస్తోంది. అందరి చేతుల్లోనూ ప్లాస్టిక్ కవర్లు, కవర్లలో కాగితాలు, కాగితాల్లో నంబర్లు. ఇంత భూమి, ఇన్ని రాళ్లు, ఇంత మట్టి, అన్నీ అంకెలుగా మారి ఇలా కవర్లలో దూరి ఒళ్లో కూర్చుంటాయి కాబోలు. పొద్దున వరండాలో రైటరు బల్ల దగ్గర మరిది దస్తావేజు చదివించాడు, చదివించానన్న పేరుకి. రైటరు ముక్కుతో చదివినట్టు గబగబా, "భాగ పరిష్కార దస్తావేజు, ఉభయులూ సమ్మతించి, ఎనభై ఆరు బై ఆ నంబరు గల భూమి వదినగారైన సదరు భాగస్తురాలికి..." అంటూ పోయాడు. అక్కడ ఆమె చెవి పట్టుకుంది. ఆ నంబరు. ఆ నంబరు తనకి. కానీ తన భర్త చెప్పింది ఆ నంబరు కాదు. ఈ నంబరు. పోయేముందు మనిషి చెప్పిన మాట, ముగ్గురున్న గదిలో చెప్పిన మాట, ఎలా మర్చిపోతుంది? రైటరు ఆగలేదు, మరిది ఆపలేదు. ఆపితే ఏమవుతుందో తెలుసు కాబట్టే ఆపలేదు.

ఆసుపత్రి గదిలో ఆ రోజు కిటికీ తలుపు సరిగా పడక గాలికి కొట్టుకుంటూ ఉండేది. ఆయన మొహానికి ఆక్సిజను తొడుగు, మాట్లాడినప్పుడల్లా దాని లోపల ఆవిరి పొగమంచులా పట్టి కరిగిపోయేది. తియ్యొద్దని నర్సు చెప్పి వెళ్లినా తొడుగు పక్కకి లాగేసి, తమ్ముణ్ని దగ్గరికి పిలిచి, "ఈ నంబరు మీ వదినది. ఆ నంబరు నీది రా చిన్నా" అన్నాడు. ఈ అన్నప్పుడు సూది గుచ్చిన చెయ్యి కొంచెం లేచింది, తన వైపే లేచింది. ఈ అంటే దగ్గరిది, ఆ అంటే దూరపుది, మాటలు నేర్చే పసిపిల్లకి కూడా తెలుసు. ఉన్నవి రెండే ముక్కలు. రోడ్డు పక్కన చాప పరిచినట్టు ఉండే ముందు ముక్క, దాని వెనక రాళ్లతో, ముళ్లపొదలతో కిందికి జారిపోయే వెనక ముక్క. దగ్గరిది ముందు ముక్క. అది తనది. అది చెప్పి ఆయన కళ్లు మూసుకున్నాడు, మరిది అన్న చెయ్యి పట్టుకుని భోరుమన్నాడు. పొడుగాటి మనిషి, ఇళ్లకి కరెంటు పనులు చేసేవాడు, ఎంతెంత ఎత్తు నిచ్చెనలో ఎక్కేవాడు, మంచం పక్కన కుప్పకూలిపోయి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. అప్పుడు కూడా ఆమెకి అనుమానమే. వీడు ఏడుస్తున్నది అన్నయ్య పోతున్నందుకా, వెనక ముక్క వచ్చినందుకా? తర్వాత ఆ ఆలోచనకి తనే సిగ్గుపడింది. సిగ్గుపడింది కానీ ఆలోచన పోలేదు, గుడ్డ మీద పడిన నూనె మరకలా ఎన్ని ఉతుకులు ఉతికినా ఎక్కడో ఒక మూల నీడ కనిపిస్తూనే ఉంది.

"నా పెళ్లాం అద్దంలో చూసుకుని కూడా ఎవరే నువ్వు అని అడుగుతుంది" అనేవాడు ఆయన నలుగురిలో. అనుమానపు పక్షి అని పేరు పెట్టాడు. కొలతల ఆఫీసులో గొలుసు లాగే ఉద్యోగం, ఎండలో వానలో పొలాల గట్ల మీద ఇనప గొలుసు ఒక కొస పట్టుకుని నడవడం. ఇంటికొచ్చాక ఆ కాళ్లు వేణ్నీళ్ల తొట్టెలో పెట్టుకుని కూర్చుని, ఇవాళ ఎవరి హద్దురాయి ఎవరు జరిపారో, ఎవరు గట్టు చెక్కి రాత్రికి రాత్రి జానెడు తినేశారో చెప్పేవాడు. నంబర్ల సంగతి కూడా అలా చెప్పిందే. మొదట ఒక్కటే నంబరు ఉంటుందట, తాత పేరులాగ. పంచుకున్నప్పుడల్లా దానికి ఒక బై, బై తర్వాత ఒక అక్షరమో అంకో, మళ్లీ పంచుకుంటే ఇంకో బై. "తానులోంచి ముక్క కత్తిరిస్తే నువ్వేం చేస్తావ్, సుద్దతో గుర్తు పెట్టుకోవూ, అదే ఇదీ" అనేవాడు. తనకి సగం ఎక్కేది, సగం కుట్టుమిషను చప్పుడులో పోయేది. కానీ ఒక్క మాట మాత్రం ఎక్కింది. "నంబరు పేరు లాంటిది, హద్దులు మొహం లాంటివి. పేరు ఎవడైనా మార్చి చెప్పొచ్చు, మొహం మార్చలేడు. కాగితం చేతికొస్తే ముందు హద్దులు చదివించుకోవాలి, తూర్పున ఏముంది, పడమర ఏముంది, నంబరు తర్వాత." అంత తెలివైనవాడు బతికుండగా తన ముక్కలే విడివిడిగా రాయించలేదు. తండ్రి నుంచి వచ్చిన రెండు ముక్కలూ ఇద్దరి పేరా కలిపి ఉంచేశాడు. వైద్యుడి ఇంట్లోనే రోగాలు ఎక్కువ మరి.

కొట్టు కట్టుకోవాలి అక్కడ. ఆ ఆశ ఎప్పటిది? ఆయన పోకముందుదే. ఇరుకు గదిలో మంచం పక్కన మిషను, మిషను పక్కన పొయ్యి, కత్తిరించిన గుడ్డ పీలికలు కూరలోకి కూడా వచ్చేవి. రోడ్డు పక్క ముక్కలో రెండు గదులు వేసుకుంటే ముందు గదిలో కుట్టుపని, వెనక గదిలో తను. పెద్ద కిటికీ, దాని నుంచి వెలుతురు సూటిగా సూది మీద పడుతుంది. పోయేవాళ్లు వచ్చేవాళ్లు చూస్తారు, అద్దంలో వేలాడదీసిన గౌన్లు చూసి ఆగుతారు. ఈ వయసులో కొత్తగా ఎవరి దగ్గర చెయ్యి చాచకుండా బతకాలంటే అది తప్ప ఇంకేం లేదు. అందుకే దినాలైపోయిన తర్వాత మరిదితో మొహమ్మీదే చెప్పేసింది, "రోడ్డు పక్కది నాది చిన్నా, మీ అన్నయ్య ఇచ్చాడు, నేను కొట్టు కట్టుకుంటాను" అని. వినీ వినపడనట్టు మరిది గోడ మీది స్విచ్చు బోర్డు వైపు చూస్తూ నిలబడ్డాడు. గుటక మింగిన చప్పుడు వినపడింది, ఆ చప్పుడు ఆమెకి ఇప్పటికీ గుర్తే. తర్వాత "సరే వదినా" అన్నాడు. అంత సులువుగా సరే అన్న మనిషి లోపల వేరే లెక్కేదో వేసుకునే ఉంటాడని ఆ రోజే అనుకుంది. ఇదిగో, ఇదీ ఆ లెక్క. నోటితో సరే అని కాగితంలో ఆ నంబరు రాయించాడు. ఈ నంబరు తను ఉంచుకుంటాడు. గుడ్డిదాన్ని చేసి, టీ ఇచ్చి, రాళ్లపల్లం అంటగడతాడు. రేపు తను వెళ్లి రోడ్డు పక్కన పునాది తవ్విస్తుంటే వచ్చి, కాగితం తీసి, నవ్వుతాడు. కాదు, నవ్వడు, ఏడుస్తాడు, ఏడుస్తూనే లాక్కుంటాడు, వీడికి ఏడుపు బాగా వచ్చు.

కూర్చోలేకపోయింది. హద్దులు. మొహం మార్చలేడు. ఆమె లేచి, కవరు చంకలో పెట్టుకుని, వరండాలోకి నడిచింది. మరిది ఇంకా రాలేదు, జెరాక్సు కొట్టు దగ్గర పెద్ద గుంపే ఉన్నట్టుంది. రైటరు కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుని ఇంకెవరికో ఏదో రాస్తున్నాడు. ఆయన కళ్లజోడు అడిగి పెట్టుకుందామా అని కూడా అనిపించింది. "కొంచెం ఇది మళ్లీ చదువుతారా బాబూ, హద్దులు మాత్రం, నా భాగానివి" అంది. రైటరు విసుక్కోలేదు. అదొక ఆశ్చర్యం. కాగితం తిప్పి, వేలు పెట్టి, ఈసారి నెమ్మదిగా చదివాడు.

"తూర్పు, రోడ్డు."

"రోడ్డా?"

"రోడ్డేనమ్మా. ఉత్తరం, బై అ. దక్షిణం, బై ఇ. ఆ రెండూ వేరేవాళ్లవి. పడమర, ఎనభై ఆరు బై ఈ."

"ఏది?"

"ఈ అమ్మా."

"అదే బాబూ, ఏదీ అని అడుగుతున్నా. మీరు కాగితం చూపిస్తున్నారు."

"కాగితం కాదమ్మా, ఈ! అ ఆ ఇ ఈ, నాలుగో అక్షరం ఈ. మీ మరిదిగారి ముక్క బై ఈ, మీది బై ఆ. మీది రోడ్డు మీదికి ఉంది, ఆయనది మీ వెనకాల ఉంది. అంతే."

వరండా స్తంభానికి చెయ్యి ఆనించి నిలబడింది. తూర్పు రోడ్డు. తూర్పున రోడ్డున్నది తన ముక్కకే. అయితే మరిది మోసం చెయ్యలేదు, రోడ్డు పక్కదే రాయించాడు, నోటితో అన్న సరే కాగితంలోనూ సరే. గుండెల మీంచి బండ దిగినట్టయింది. ఆ వెంటనే సిగ్గు, చల్లారిపోయిన టీ గుర్తొచ్చి సిగ్గు, గొంతు కోసేవాడు అని అనుకున్నందుకు సిగ్గు. తాడుని చూసి పామనుకుని ఊరంతా లేపినట్టు తన మనసుని తనే లేపుకుంది పొద్దుట్నుంచీ. సరే, అయిపోయింది, వెళ్లి కూర్చుందాం అనుకుని రెండడుగులు వేసింది. మూడో అడుగు పడలేదు. ఈ అంటే అక్షరం. మరి ఆయనన్న ఈ?

ఆయన ఎప్పుడైనా ముక్కల్ని ఇది, అది అన్నాడా? ముందుది అనేవాడు, వెనకది అనేవాడు, లేకపోతే నంబరు చెప్పేవాడు. గొలుసు లాగేవాడికి భూమి అంటే అంకె, దాని పక్కన అక్షరం. "ఎనభై ఆరులో ఇ అమ్మేశారట" అని ఎన్నోసార్లు తమ్ముడితో అంటుంటే విన్నది, ఇ అంటే అదేదో ఊతపదం అనుకుంది. ప్రాణం పోయే ముందు తొడుగు లాగేసి మరీ చెప్పిన మనిషి, నంబరు అన్న మాట పలికి మరీ చెప్పిన మనిషి, వేలితో చూపించినట్టు ఇది, అది అంటాడా? ఈ నంబరు మీ వదినది. నాలుగో అక్షరం. రాళ్లపల్లం. ఆ నంబరు నీది రా చిన్నా. రోడ్డు పక్కది. అందుకే తమ్ముడు కుప్పకూలి ఏడ్చాడు, మంచిది తనకే ఇస్తున్నాడని, పెళ్లానికి కూడా ఇవ్వకుండా తనకి ఇస్తున్నాడని. వాడికి అక్షరాలు తెలుసు. తను వెళ్లి రోడ్డు పక్కది నాదీ అన్నప్పుడు స్విచ్చు బోర్డు వైపు చూస్తూ మింగిన గుటక అదన్నమాట. అన్న ఇచ్చినదాన్ని వదిన తప్పుగా విన్నదని తెలిసి, కాదు అని ఒక్క మాట అనలేక, పోనీలే కొట్టు కట్టుకుంటుంది అనుకుని సరే అన్నాడు. వాడు వదిలేసుకున్నాడు. తను ఇంతసేపూ అనుమానించింది చేతిలోది తీసి ఇచ్చినవాణ్ని. కళ్లలో నీళ్లు తిరిగాయి కానీ అవి జాలివో కోపానివో తెలియలేదు, ఎందుకంటే కోపం అప్పుడే ఇంకో వైపు తిరిగింది. ఆయన వైపు. చచ్చినవాడి కళ్లు చారెడు అంటారు, ఇన్నాళ్లూ తనకీ చారెడుగానే కనిపించాయి. ముప్పై ఏళ్లు ఆయన కాళ్లకి వేణ్నీళ్లు కాచిపోసినందుకు తనకి రాళ్లూ ముళ్లూనా? కట్టుకున్నదాని కన్నా తోడబుట్టినవాడే ఎక్కువయ్యాడా? ఎందుకు, నేనేం చేశాను నీకు?

మళ్లీ వచ్చి బెంచీ మీద కూర్చుంది. ముసలాయన కొడుకులు ఆయన్ని లేపి లోపలికి తీసుకెళ్తున్నారు. ఆయన కాళ్లకి చెప్పులు సరిగా దూరలేదు, మడమలు బయటే ఉన్నాయి. కాళ్లు. ఎంత అరిగిన కాళ్లు తన భర్తవి, మడమలు పగిలి, వేళ్ల మధ్య మట్టి ఇంకిపోయి. ఆ రోజు మాత్రం కాళ్లు కాదు, చేతులు. చేతుల నిండా ఎర్రరంగు పూసుకొచ్చాడు ఒక సాయంత్రం, నెత్తురనుకుని హడలిపోయింది. "రంగే, రంగు. కొలత మేకులకి పూశాం. ఇవాళ మన ముందు ముక్కలోనే గొలుసు లాగాం, మేకు ఎక్కడ పడిందో తెలుసా?" అన్నాడు. "మేకు సంగతి తర్వాత, ఆ చేతుల్తో తువ్వాలు ముట్టుకోకు" అని కిరసనాయిలు గుడ్డ తెచ్చి ఇచ్చింది. చేతులు తుడుచుకుంటూ నవ్వి ఒక పొడుపుకథ వేశాడు. "ముందున్నది మాయమైపోతుంది, వెనకున్నది ముందుకొస్తుంది, ఏమిటో చెప్పు?" తను ఆలోచించి, "పళ్లు" అంది. ఆయన నవ్వీ నవ్వీ దగ్గులో పడ్డాడు. "పళ్లే, పళ్లే. పెద్ద పళ్లు, భూమిని తినే పళ్లు. ఆఫీసు మాట, ఎక్కడా అనకు. ఇప్పుడే కాదులే, ఫైళ్లు నిద్రపోతాయి. కానీ మా గొలుసు వెళ్లిన దారినే ఎప్పటికో ఒకప్పటికి రోడ్డు వెళ్తుంది" అన్నాడు. ఆ తర్వాత రంగు సంగతి మర్చిపోయింది, తువ్వాలుకి అంటిన మరక మాత్రం పోలేదని చాలా రోజులు సణిగింది.

ముందున్నది మాయమై వెనకున్నది ముందుకొస్తుంది. మేకు ఎక్కడ పడి ఉంటుంది? ముందు ముక్క అవతలి అంచున, రెండింటికీ మధ్య. రోడ్డు వెడల్పైతే ముందు ముక్క అంతా అందులోకి పోతుంది. ఇచ్చే పరిహారం కోసం తిరిగేసరికి ముందు చెప్పులు అరుగుతాయి, తర్వాత మనిషి అరుగుతాడు. రాళ్లపల్లం వచ్చి కొత్త రోడ్డు పక్కన కూర్చుంటుంది, రాళ్లు తీయించుకుంటే, పొదలు కొట్టించుకుంటే, చదును చేసుకుంటే అదే కొట్టు, అదే కిటికీ, అదే వెలుతురు. ఈ నంబరు మీ వదినది. అయ్యో. తనకి రాళ్లివ్వలేదు ఆయన. తనకే ఇచ్చాడు అసలుది. ఊపిరాడని గదిలో, తొడుగు లాగేసి, తన వైపు చెయ్యెత్తి. ఒక్క క్షణం ఒళ్లంతా వేడి ఎక్కింది, పెళ్లైన కొత్తలో కూడా ఇంత ప్రేమగా అనిపించలేదు ఆయన. ఆ క్షణం దాటగానే ఆ వేడి చల్లబడింది. తనకి మంచిదిచ్చాడంటే, తమ్ముడికి ఏమిచ్చాడు? మాయమైపోయేది ఇచ్చాడు. ఇస్తూ, నీదే రా చిన్నా అన్నాడు, వాడు చెయ్యి పట్టుకుని ఏడుస్తుంటే కళ్లు మూసుకుని ఊరుకున్నాడు. తల్లి పోయాక ఎత్తుకుని పెంచిన తమ్ముణ్ని. పొద్దుట్నుంచీ, పొద్దుట్నుంచీ ఏమిటి, పెళ్లైన నాటి నుంచీ అందర్నీ అనుమానించింది, పాలవాణ్ని, పక్కింటివాళ్లని, గుండీలు ఇచ్చే కొట్టువాణ్ని, మరిదిని. ఒక్క ఆయన్ని మాత్రం అనుమానించలేదు. తీరా చూస్తే మోసం ఉన్నది అక్కడే.

మరి వాడు? వాడికి ఈ పొడుపుకథ తెలియదు. తెలిస్తే ఏడవడు. తెలియక, మంచిదనుకున్నదాన్ని తీసి తన చేతిలో పెడుతున్నాడు, అంటే ఆయన వేసిన మోసం తిరిగి తిరిగి తన మీదికే వస్తోంది. ఇప్పుడు నోరు మూసుకుని సంతకం పెడితే రోడ్డులోకి పోయేది తనదవుతుంది, కట్టిన కొట్టు తన కళ్ల ముందే కూలుతుంది, ముసలితనంలో మళ్లీ ఇరుకు గది, పీలికలు పడిన కూర. నాకు ఈ కావాలి అంటే వాడు ఇంకా సంతోషంగా ఇస్తాడు, ఇచ్చి మునుగుతాడు, వాడికి ఇద్దరు ఆడపిల్లలు, అద్దె ఇల్లు. నిజం చెపితే? నిజం చెపితే అన్న పోతాడు, రెండోసారి. వాడి దగ్గర అన్న ఫొటో జేబులో పర్సులో ఉంటుంది, నిచ్చెనెక్కే ముందు తాకుతాడని మరిది భార్య ఒకసారి నవ్వుతూ చెప్పింది. ఎటు చూసినా గొయ్యే. కానీ కప్పులో మీగడ కట్టిన టీ చూస్తుంటే ఒకటి మాత్రం స్పష్టంగా తెలిసింది, వీణ్ని ముంచలేదు. ముంచకూడదు.

మరిది వచ్చాడు, చంకలో జెరాక్సులు, నుదుటిన చెమట. "తాగలేదా వదినా? ఇంకోటి తేనా?"

"కూర్చో చిన్నా. మీ అన్నయ్య నీకు ఏది ఇచ్చాడు?"

వాడు కాసేపు జెరాక్సులు సర్దాడు. "ఇప్పుడెందుకులే. నువ్వు కొట్టు కట్టుకో. నాకు వెనకది చాలు."

"ఆ ఇచ్చాడు. నాకు తెలిసింది. నాకు ఈ ఇచ్చాడు. కానీ ముందు ముక్క నిలవదు రా. రోడ్డులో పోతుంది. కొలతలు ఎప్పుడో అయిపోయాయి, మీ అన్నయ్యే గొలుసు పట్టాడు."

"ఎవరన్నారు?"

"ఆయనే అన్నాడు, ఇంట్లో. నాకు ఇప్పుడు అర్థమైంది. రెండు ముక్కలూ చెరి సగం చేసుకుందాం. పోయేది ఇద్దరికీ పోతుంది, మిగిలేది ఇద్దరికీ మిగులుతుంది."

వాడి మొహం ఆమె ఎన్నడూ చూడని మొహమైంది. గట్టిగా అరవలేదు, అరిచినా బావుండేది. "అంటే? పోతుందని తెలిసి అన్నయ్య నాకు ఇచ్చాడంటావా? చచ్చిపోతూ నన్ను మోసం చేశాడంటావా?"

"నేనలా అనలేదు చిన్నా."

"అదే అన్నావు. ఇన్నాళ్లూ ఊళ్లో ఒక్కణ్నీ నమ్మలేదు నువ్వు. నన్నూ నమ్మలేదు, నాకు తెలుసు వదినా, ఈ టీ కూడా నమ్మలేదు. పర్లేదు. ఆయన్ని కూడా వదలవా?" కళ్లు ఎర్రబడ్డాయి, తుడుచుకోలేదు. "చెరి సగం అక్కర్లేదు నాకు. కొట్టు కట్టుకుంటానన్నావని, నాకు ఇచ్చింది నీకు రాయించాను. ఇప్పుడు దానికి కూడా ఏదో లెక్క వేశావు. ఇంక చాలు. అన్నయ్య ఎలా చెప్పాడో అలాగే రాయిస్తా. ఆయన మాట తప్పితే నేను మనిషిని కాను."

"నా మాట విను. ఒక్కసారి ఎవరినైనా అడుగు, ఆ ఆఫీసులో..."

కానీ వాడు అప్పటికే వరండాలోకి వెళ్లిపోయాడు. తెరిచిన తలుపులోంచి వినపడుతూనే ఉంది, "ఆవిడకి ఈ, నాకు ఆ. అవునండీ, తిప్పేయండి." రైటరు గొంతు, "అక్షరమే కదా అని కొట్టేసి రాస్తే కుదరదు, ఆ పేజీ మళ్లీ తీయాలి." ప్రింటరు గరగరలాడింది. పరుగెత్తి ఆ కాగితం లాక్కోవచ్చు. సంతకం పెట్టనని ఇంటికి పోవచ్చు. కాళ్లు లేచాయా? లేవలేదు. నిజం చెప్పాను కదా, అంది లోపలి మనిషి, చెవిలో గుసగుసగా, చెప్పాను, వాడు వినలేదు, నేనేం చెయ్యను. చెప్పావు. కానీ వాడు అన్న మీద ఈగ వాలనివ్వడని నీకు తెలియదా? తెలుసు. నువ్వు చెపితే నమ్మడని, నువ్వు అనుమానపు పక్షివని, నీ నోటి వెంట వచ్చిన నిజం కూడా ఎవరికీ నిజంలా వినపడదని తెలియదా? తెలుసు. మరి తెలిసే చెప్పావా? వాడు నమ్మడని తెలిసే, చెప్పానన్న తృప్తీ ఉంటుంది, ఈ నంబరూ వస్తుందని, రెండూ ఒకేసారి కుట్టేశావా? ఆ ప్రశ్న అడిగినది ఎవరో వెనక్కి తిరిగి చూడాలనిపించింది. వెనక గోడ తప్ప ఏమీ లేదు.

టోకెను పిలిచారు. లోపలి గదిలో చల్లగా ఉంది, గాలి నిజంగానే ఇక్కడికే వస్తోంది. మరిది ముందు సంతకం పెట్టాడు, గట్టిగా, కాగితం అవతలి వైపు పొంగేంత గట్టిగా, పెట్టి పక్కకి జరిగి గోడ వైపు చూస్తూ నిలబడ్డాడు. ఆమెకి పెన్ను ఇచ్చారు. అక్షరాలు అలికినట్టు కనిపిస్తున్నాయి, అయినా ఆ మసకలో ఒకటి మాత్రం ఆమెకి తెలిసింది, మెలిక తిరిగిన అక్షరం, ఈ, తనది. అధికారి తల ఎత్తకుండానే, రోజూ అందరినీ అడిగే మాట అడిగాడు.

"ఇష్టపూర్వకంగానే పెడుతున్నారు కదమ్మా? ఎవరి బలవంతమూ లేదు కదా?"

గోడ వైపు తిరిగి ఉన్న వాడి వీపు కదిలింది. ఒక్క మాట, ఇప్పుడు కూడా ఒక్క మాట చాలు.

"లేదండీ" అంది.